సైటేషన్లు ఎన్నో రాశారు, ఆ వ్యాసంలో ఏముందో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

కిందటి వారం మీ పత్రికలో ఒక క్యాన్సర్ ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రక్షణ కణాలతోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే వైద్యం) పరిశోధకుడి గురించి అర పేజీ కథనం వేశారు. ఆయన తెలుగాయన కావడం నాకూ సంతోషమే. ఇప్పటిదాకా ఎన్ని వ్యాసాలు రాశారు, వాటికి ఎన్ని వేల సైటేషన్లు (వేరే వ్యాసాల్లో ప్రస్తావనలు) వచ్చాయి, హెచ్-ఇండెక్స్ ఎంత, అవి అచ్చయిన జర్నళ్ళ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత, అన్నీ రాశారు. ఆయన ఏ రకం క్యాన్సర్ మీద పనిచేశారు, ఆ వ్యాసాల్లో ఏం తేలింది, ఆ మందు ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చెయ్యదు అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. నా కంటికి ఆనలేదేమోనని రెండోసారి చదివాను. లేదు.

నేను పర్లాకిమిడిలో ఒక కాలేజీ లైబ్రరీలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మీ పత్రిక పాతపట్నం మీదుగా పొద్దున్న ఆరున్నరకల్లా మా గుమ్మంలో పడుతుంది. ఒడిశాలో ఉన్నా మా ఇంట్లో చదువులూ లెక్కలూ కష్టసుఖాలూ అన్నీ తెలుగులోనే. సైటేషన్ అంటే ఏమిటో ఉద్యోగరీత్యా నాకు తెలుసు. ఆ అంకె ఒక ఇంట్లోకి వస్తే ఏం చేస్తుందో మా పెద్దన్నయ్య విషయంలో చూశాను. ఉత్తరం పొడుగైనా ఓపిక పట్టి చదవండి.

మా అన్నయ్యది జీడిపిక్కల వ్యాపారం. పొద్దున్నా రాత్రీ గుడాకు అనే పొగాకు ముద్దతో పళ్ళు తోముకునేవాడు. అప్పట్లో ఒడిశాలో ఇది ప్రతి పాన్ డబ్బాలో దొరికేది. తోమడం అయిపోయాక కూడా వేలు చిగురు మీదే పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉండేవాడు. 2021 చలికాలంలో కింది చిగురు మీద పుండు లేచింది. విశాఖలో ఆపరేషన్ చేసి దవడ ఎముక కొంత తీశారు, తర్వాత రేడియేషన్, దాంతోపాటు కీమో మందు సిస్‌ప్లాటిన్. ఏడాది బాగానే ఉన్నాడు. మెత్తగా కలిపిన అన్నం తినేవాడు. 2022 చివర్లో మెడ పక్కన మళ్ళీ గడ్డ తేలింది.

2023 ఫిబ్రవరిలో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో, ఇక ఇమ్యునోథెరపీ ఒక్కటే దారి అన్నారు. ఒక్కో విడతకు రెండు లక్షల దాకా అవుతుందన్నారు. మాది ఒడిశా కాబట్టి ఆరోగ్యశ్రీ కార్డు లేదు. బయట బెంచీ మీద కూర్చున్నాం. మా మేనల్లుడు ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. "అత్తా, చూడు. ఈ మందు వెనకాల ఉన్న సైంటిస్టుకి నోబెల్ వచ్చింది. ఈ వ్యాసాన్ని ప్రపంచంలో ఇన్ని వేల మంది ఒప్పుకున్నారట. ఇంకేం చూడాలి?" అన్నాడు. అది ఏదో తెలుగు పత్రికలో వచ్చిన కథనమే. వదిన నా ముఖంలోకి చూసింది. ఇంట్లో పుస్తకాల మధ్య బతికినదాన్ని నేనే కదా. నేను "మంచి మందే" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ చెప్పాల్సిన మిగతా మాటలు చెప్పలేదు. మెళియాపుట్టి దారిలో ఉన్న జీడితోట రెండెకరాలు వారంలో బేరం అయిపోయింది.

వాడు "ఒప్పుకున్నారట" అన్న మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. సైటేషన్ అంటే ఒప్పుకోవడం కాదు. ఒక వ్యాసం రాసేవాళ్ళు, ఫలానా సంగతి ఫలానా వ్యాసంలో ఉంది అని చివర్లో పేరు చెప్పుకోవడం, అంతే. మెచ్చుకున్నా సైటేషనే, తప్పుపట్టినా సైటేషనే. నేను లైబ్రరీ సైన్సు చదివేటప్పుడు మా మాస్టారు సైన్స్ సైటేషన్ ఇండెక్స్ సంపుటం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. ఉల్లిపొరలాంటి కాగితం, చీమల బారులాంటి అక్షరాలు. ఒక పాత వ్యాసం పేరు పట్టుకుని వేలు కిందికి జరుపుకుంటూ పోతే, తర్వాత దాన్ని ఎవరెవరు తలుచుకున్నారో వరసగా కనిపిస్తుంది. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన దాన్ని 1964లో తెచ్చాడు. ఒక పాత తీర్పును తర్వాత ఏయే కేసుల్లో ఎత్తి చూపారో లాయర్లు వెతుక్కునే పుస్తకం ఒకటి అక్కడ ఉండేది. దాన్ని చూసి ఆయనకీ ఆలోచన వచ్చింది. ఏ సంగతి ఎక్కడుందో దారి పట్టుకోవడానికి పుట్టిన పుస్తకం అది. మనుషులకు మార్కులు వెయ్యడానికి వాడటం తర్వాత వచ్చింది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. 1951లో లౌరీ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు ఒక వ్యాసం రాశారు. ఒక ద్రవంలో ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి అందులో ఉంది. దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. మందు కాదు, జబ్బుకు కారణమూ కాదు. ప్రతి ల్యాబులో రోజూ పనికొచ్చే కొలత కాబట్టి అందరూ దాని పేరు రాయాల్సి వచ్చింది. అది గొప్ప పనే. కానీ ఆ అంకె చూసి ఎంతమంది ప్రాణాలు నిలబడ్డాయో లెక్కగడితే ఎంత పొరపాటో చూడండి. హెచ్-ఇండెక్స్ సంగతీ అంతే. హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 2005లో చెప్పిన లెక్క అది. 40 వ్యాసాలకు ఒక్కోదానికి కనీసం 40 సైటేషన్లు ఉంటే మీ హెచ్-ఇండెక్స్ 40. అది పెరగడమే గానీ తగ్గడం ఉండదు. ఇక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అయితే అసలు మనిషిది కానే కాదు, జర్నల్‌ది. ఒక ఏడాదిలో, దానికి ముందు రెండేళ్ళలో ఆ జర్నల్‌లో వచ్చిన వ్యాసాలకు సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయో చెప్పే లెక్క. దాన్ని మనిషి పేరు పక్కన పతకంలా పెట్టడం తప్పని సైన్సు జర్నళ్ళ సంపాదకులు, ప్రచురణకర్తలే 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో కూర్చుని ఒక ప్రకటన తయారుచేశారు.

అసలు ఈ మందు పుట్టిన కథే చూడండి. జపాన్‌లో క్యోటో యూనివర్సిటీలో తసుకు హొంజో, ఆయన శిష్యులు 1992లో పీడీ-1 అనే జన్యువు గురించి రాశారు. కణాలు తమంతట తాము ఎలా చచ్చిపోతాయో వెతుకుతుంటే అది దొరికింది. క్యాన్సర్ ఊసే లేదు. అది ఒంట్లోని రక్షణ కణాలకు బ్రేకులా పనిచేస్తుందని ఎలుకల మీద పరీక్షలు చేసి తేల్చేసరికి 1999 వచ్చింది. ఆ బ్రేకును క్యాన్సర్ కణం తనకు అనువుగా తొక్కి పెడుతోందని తెలిశాక, బ్రేకు మీద నుంచి కాలు తీయించే మందు తయారై, 2014లో గానీ రోగుల చేతికి రాలేదు. 22 ఏళ్ళు. అమెరికాలో జేమ్స్ ఆలిసన్ అలాగే సీటీఎల్ఏ-4 అనే ఇంకో బ్రేకు మీద పనిచేశారు. ఎలుకల్లో గడ్డలు కరిగాయని 1996లో రాశారు. మందుగా అనుమతి 2011లో వచ్చింది. ఆలిసన్ చిన్నప్పుడే వాళ్ళమ్మ క్యాన్సర్‌తో పోయింది. 2018లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. 1994లో ఎవరైనా హొంజో వ్యాసానికి రెండేళ్ళ సైటేషన్లు లెక్కపెట్టి ఉంటే అది ఇంత పెద్ద మందవుతుందని చెప్పగలిగేవారా?

ఇప్పుడు మా అన్నయ్యకు సంబంధించిన వ్యాసం సంగతి. ఆయన పోయాక మూడు నెలలకు నేను దాన్ని వెతికి పట్టుకుని చదివాను. ముందే చదవలేదే అన్న బాధ ఇప్పటికీ ఉంది. సిస్‌ప్లాటిన్ లాంటి మందు వాడాక కూడా తల, మెడ భాగాల్లో క్యాన్సర్ తిరగబెట్టిన 361 మందిలో కొందరికి పీడీ-1 బ్రేకు మీద నుంచి కాలు తీయించే నివోలుమాబ్, మిగతావాళ్ళకు మామూలు మందులు ఇచ్చి పోల్చి చూసిన పరీక్ష అది. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. కొత్త మందు తీసుకున్నవాళ్ళలో ఏడాది తర్వాత బతికున్నవాళ్ళు నూటికి 36 మంది, పాత మందుల మీద 16.6 మంది. సగం మంది బతికిన కాలం చూస్తే 7.5 నెలలు, అటువైపు 5.1 నెలలు. గడ్డ బాగా తగ్గింది నూటికి 13 మందికే. ఇది నిజంగా ముందడుగు. అంతకుముందు ఆ దశలో ఉన్నవాళ్ళకు ఈపాటి ఆశ కూడా లేదు. కొందరికి ఏళ్ళ తరబడి పనిచేస్తుంది కూడా. కానీ నూటికి 13 అన్న మాట ఆ బెంచీ మీద ఎవరైనా తెలుగులో చెప్పి ఉంటే, తోట అమ్మాలా వద్దా అన్నది అన్నయ్యే నిర్ణయించుకునేవాడు. ఆయన లెక్కల మనిషి. బస్తాకు ఎన్ని పిక్కలు పుచ్చు పోతాయో చేత్తో చూసి చెప్పేవాడు. నూటికి 13 అంటే ఏమిటో ఆయనకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

మూడో ఇంజెక్షన్ తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. తిండి పడలేదనుకుని సగ్గుబియ్యం జావ, అరటిపండు పెట్టాం. బ్రేకు తీసేస్తే రక్షణ కణాలు మన పేగుల మీదా ఊపిరితిత్తుల మీదా కూడా పడతాయని, విరేచనాలు మొదలైతే వెంటనే డాక్టర్‌కి చెప్పాలని ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కాగితంలో ఉంది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినదాన్ని నేను ఆ పది రోజులూ కూతురి పురుడని బరంపురంలో ఉన్నాను. నాలుగో విడతతో డబ్బూ అయిపోయింది, ఒంట్లో ఓపికా అయిపోయింది. 2023 జూన్‌లో పోయాడు.

సంపాదకులు గారూ, నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటుంది. ముంబయి టాటా మెమోరియల్‌లో డాక్టర్ విజయ్ పాటిల్, డాక్టర్ కుమార్ ప్రభాష్, వాళ్ళ తోటి డాక్టర్లు ఒక పరీక్ష చేశారు. మన దేశంలో ఇలాంటి రోగుల్లో ఈ మందు కొనగలిగేవాళ్ళు చాలా తక్కువమంది కాబట్టి, చిన్న మోతాదు ఇస్తే ఏమవుతుందో చూశారు. మామూలుగా ఇచ్చేది రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. వీళ్ళు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఆరు వారాలకు లెక్కేస్తే 720కి బదులు 40, అంటే పద్దెనిమిదో వంతు. దాంతోపాటు నోటితో మింగే మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్. మొత్తం 151 మంది. ఉత్త బిళ్ళల మీద ఉన్నవాళ్ళలో ఏడాదికి నూటికి 16.3 మంది మిగిలితే, చిన్న మోతాదు ఇంజెక్షన్ కలిపినవాళ్ళలో 43.4 మంది మిగిలారు. సగం మంది బతికిన కాలం 6.7 నెలల నుంచి 10.1 నెలలకు పెరిగింది. చిన్న మోతాదును పెద్ద మోతాదుతో పోల్చిన పరీక్ష కాదిది, అసలు ఇవ్వకపోవడంతో పోల్చింది. కాబట్టి పెద్ద మోతాదు వృథా అని దీన్నిబట్టి అనకూడదు. మా అన్నయ్య బతికేవాడని కూడా నేను అనడం లేదు. కానీ తోట మిగిలేది. వదిన ఈ రోజు పరాయి వాళ్ళ తోటలో పిక్కలు ఏరడానికి వెళ్ళేది కాదు.

ఆ వ్యాసం జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ వెబ్‌సైట్‌లో 2022 అక్టోబర్‌లో వచ్చింది. మేం తోట అమ్మింది 2023 ఫిబ్రవరిలో. మధ్యలో నాలుగు నెలలు. నాలుగు నెలల వ్యాసానికి సైటేషన్లు పోగుపడటానికి టైమే ఉండదు. ఇంకొకరు చదవాలి, పరీక్షలు చెయ్యాలి, రాయాలి, అచ్చవ్వాలి. అంటే సైటేషన్లు చూసి వార్త వేసే పత్రిక మాకు పాత వ్యాసాన్ని చూపిస్తుందే గానీ, మాకు ఆ రోజు అక్కరకొచ్చే వ్యాసాన్ని ఎప్పటికీ చూపించదు. మీ కథనం చదివి నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

ఇంకో వైపు నుంచి కూడా చెప్పాలి. మా అమ్మ అడ్డచుట్ట కాల్చేది. శ్రీకాకుళం, గంజాం వైపు మా ముందు తరం ఆడవాళ్ళలో ఇది మామూలే. చుట్ట వెలిగించి రెండు దమ్ములు లాగి, నిప్పున్న వైపు నోట్లోకి తిప్పుకుని పెదాలు బిగించేది. అలాగే అంట్లు తోమేది, అలాగే మాట్లాడేది. పెదవి తడి చుట్టకు అంటి అది మెల్లగా, చాలాసేపు కాలేది. గాలికి ఆరదు, నుసి బట్టల మీద పడదు అనేది. విశాఖ నుంచి పళ్ళ క్యాంపుకు వచ్చిన ఒక డాక్టరమ్మ టార్చి వేసి అమ్మ అంగిలి చూసి, తెల్లగా మారిన చోట వేలు పెట్టి, "అమ్మా, ఇది ఇక్కడితో ఆపకపోతే పుండవుతుంది" అంది. అమ్మ వారం రోజులు విసుక్కుని, చుట్ట మానేసింది. తర్వాత 19 ఏళ్ళు బతికింది. అంగిలి క్యాన్సర్‌కూ నిప్పు లోపల పెట్టి కాల్చే చుట్టకూ ఉన్న సంబంధం గురించి కోస్తా ఆంధ్ర రోగులను చూసి డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో రాశారు. ఇమ్యునోథెరపీ వ్యాసాల సైటేషన్ల పక్కన దాని లెక్క ఏ మూలకూ రాదు. మా ఇంట్లో ఒక మనిషికి మాత్రం ఆ తెలివిడి టార్చి లైటు వెలుగులో చేరింది, అర్థమయ్యే తెలుగులో చేరింది.

మా ఊరిదే ఇంకో మాట. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూనే సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం బడులు పెట్టించారు. జనం మాట్లాడే తెలుగులోనే చదువులుండాలని పోరాడారు. ఆయన తిరిగిన వీధుల్లో ఉంటూ, మా అన్నయ్య మందు కాగితం మాకు అర్థంకాని భాషలో ఉండగా పోయాడంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది. డాక్టర్లు, శాస్త్రవేత్తలు ఇంగ్లీషులో రాసుకోక తప్పదు. దాన్ని మాకు చేర్చే పని పత్రికది.

కాబట్టి ఆ పరిశోధకుడి గురించి మళ్ళీ రాసేటప్పుడు, ఆయన్నే అడగండి. మీ వ్యాసాల్లో మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏది, అది ఎలుకల మీద చేసిందా మనుషుల మీద చేసిందా, ఎంతమంది మీద, ఏ క్యాన్సర్, నూటికి ఎంతమందికి మేలు జరిగింది, ఎంతమందికి కీడు జరిగింది, మన దగ్గర ఎంత ఖర్చవుతుంది అని అడగండి. ఏ శాస్త్రవేత్తా ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. తన పనిని ఎవరో చదివారని సంతోషిస్తారు. సైటేషన్లు కూడా రాయండి, వద్దనను. ఎవరు సైట్ చేశారో, ఎందుకు చేశారో ఒక వాక్యం కలిపి రాయండి.

ఏ క్యాన్సరో దాని పేరు రాయడమూ అంతే ముఖ్యం. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన కార్-టీ చికిత్సను 2024 ఏప్రిల్‌లో మన ఒడిశా బిడ్డ, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ప్రారంభించినప్పుడు మా వీధిలో ముగ్గురు నన్ను అడిగారు, ఇది నోటి క్యాన్సర్‌కు పనికొస్తుందా అని. అది కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు. రోగి సొంత టి-కణాలను బయటికి తీసి, మార్చి మళ్ళీ ఎక్కిస్తారు. ఇమ్యునోథెరపీ అన్న ఒక్క మాట కింద ఇన్ని రకాలున్నాయి. "ఇమ్యునోథెరపీలో అద్భుతం" అని హెడ్డింగ్ పెడితే గుడాకుతో చిగురు పుండుపడ్డ మనిషి కూడా తన కోసమే అనుకుంటాడు. ఏ క్యాన్సరో హెడ్డింగ్‌లోనే పెట్టండి, చాలు.

చివరగా ఒక విన్నపం. టాటా మెమోరియల్ వ్యాసం సారాంశాన్ని నేను ఒక అర ఠావు మీద తెలుగులో రాసి, దానికే ఒడియా అనువాదం కూడా చేయించి, "డాక్టర్‌ని అడగకుండా ఏదీ మార్చకండి" అని పైన ఎర్ర సిరాతో రాసి, నేను పనిచేసిన లైబ్రరీ నోటీసు బోర్డు మీద అంటించాను. మొదటి వారంలో నలుగురు జిరాక్స్ తీసుకెళ్ళారు. అందులో ఒకాయన గుమ్మ అనే ఊరి నుంచి బస్సులో వచ్చాడు, తమ్ముడికి నాలుక మీద పుండట. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఇంకేమైనా ఇలాంటివి వస్తే అంటించండమ్మా" అని వెళ్ళాడు. ఇలాంటి అర ఠావు నెలకొకటి నేను రాసి పంపుతాను. మీకు తెలిసిన క్యాన్సర్ డాక్టర్ ఎవరైనా ఒకసారి చూసి సరిదిద్దితే చాలు. డబ్బులేమీ అక్కర్లేదు. వ్యవసాయం పేజీలో పురుగుమందుల మోతాదు వేస్తారే, ఆ డబ్బా అంత చోటు ఇస్తే సరిపోతుంది. మొదటిది ఈ ఉత్తరంతోపాటే పంపిస్తున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ లైబ్రేరియన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.